కోనసీమలో మనోవైద్యం

గౌతమి, వసిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న కోనసీమకు మనోవైద్యం ఏరు దాటి వచ్చింది. డాక్టరు అవతలికి వెళ్ళి చదువుకుని రావాలి, రోగిని అవతలికి తీసుకెళ్ళి చూపించాలి. ఎన్ని తరాలుగానో ఇదే తంతు. అయితే డాక్టరు బెంగళూరులో చదివినా, లండన్‌లో పనిచేసి వచ్చినా, ఇక్కడ వైద్యం నడిచేది మాత్రం ఇంటివాళ్ళ చేతుల మీదుగానే. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం తూర్పు గోదావరిలో ఉండేది. అంచేత పెద్దాసుపత్రి అంటే కాకినాడ, అదీ దాటితే విశాఖపట్నం.

విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పాతది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1871లో పెట్టిన ‘లూనాటిక్ అసైలం’ దానికి మూలం. అమలాపురం నుంచి అది 200 కిలోమీటర్ల పైమాటే. 1912 నాటి లూనసీ చట్టం కింద ఇలాంటి చోట్ల రోగిని చేర్చాలంటే సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. అంటే వైద్యం మొదలయ్యేది కచేరీలో. చేర్పించి వచ్చినవాళ్ళు మళ్ళీ చూడ్డానికి వెళ్ళాలంటే ముందు రేవులో పంటు ఎక్కాలి, ఆ తరవాత బస్సో రైలో పట్టుకోవాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు మీద గోదావరి దాటడం ఇప్పటి పెద్దవాళ్ళందరికీ తెలిసిన ప్రయాణమే. ఎదుర్లంక, యానాం మధ్య బాలయోగి పేరుతో వారధి లేచింది ఈ శతాబ్దంలోనే. ఇంత దూరాభారం ఉన్నచోట చాలా కుటుంబాలు మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నాయి. అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్నాయి, తాయెత్తు కట్టించాయి, భూతవైద్యుణ్ణి పిలిపించాయి. వీటిని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. అప్పట్లో వాళ్ళకు అందుబాటులో ఉన్న ఇంకో దారి ఏమిటో చెప్పడం అంత తేలిక కాదు.

అసలు ఆ రోజుల్లో ఆసుపత్రిలో మాత్రం ఇవ్వడానికి ఏముంది గనక? పిచ్చికి సర్పగంధ వేరు పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో రాశారు. జాన్ కేడ్ ఆస్ట్రేలియాలో లిథియం గుణం కనిపెట్టింది 1949లో. క్లోర్‌ప్రొమజైన్ ఫ్రాన్సులో వాడకంలోకి వచ్చింది 1952లో. అంతకుముందు విశాఖ వెళ్ళిన రోగికి ప్రధానంగా దొరికింది నాలుగు గోడలే.

డాక్టర్ల చదువుకు 1923లో విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల, 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వచ్చాయి. తరవాత అమలాపురంలోనే కిమ్స్ వైద్య కళాశాల వెలిసింది. మనోవైద్యంలో పై చదువుకు దక్షిణాది అంతటికీ పెద్దదిక్కు బెంగళూరు. అక్కడ 1954లో ఆలిండియా మానసిక ఆరోగ్య సంస్థ మొదలైంది. 1974లో దాన్నీ పాత మైసూరు ప్రభుత్వ మానసిక వైద్యశాలనూ కలిపి నిమ్హాన్స్ చేశారు. ఆపైన బ్రిటన్. అక్కడి జాతీయ ఆరోగ్య సేవలో స్థానిక డాక్టర్లు అంతగా ఇష్టపడని వృద్ధుల వైద్యం, మనోవైద్యం విభాగాలను ఏళ్ళ తరబడి నిలబెట్టింది ఎక్కువగా భారత ఉపఖండం నుంచి వెళ్ళినవాళ్ళే. 1971లో రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ ఏర్పడ్డాక పేరు పక్కన ఎం.ఆర్.సి.సైక్ అన్న అక్షరాలకు మన ఊళ్ళలోనూ విలువ పెరిగింది.

విదేశాల్లో నేర్చుకున్నదాంట్లో ఇక్కడ పనికొచ్చింది ఎంత, పనికిరానిది ఎంత అన్నది ఆసక్తికరమైన లెక్క. మందులు ఎక్కడైనా ఒకటే. తేడా వచ్చేది గదిలో ఎవరు కూర్చుంటారన్న దగ్గర. లండన్ క్లినిక్‌లో రోగి ఒక్కడే వస్తాడు, తన మాట తనే చెప్పుకుంటాడు. అమలాపురంలో తలుపు తీస్తే ఐదుగురు లోపలికి వస్తారు. కుర్చీలో కూర్చునేది మేనమామ. రోగి గోడవార నిలబడి ఉంటాడు. తల్లి చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కాకినాడలో తీయించిన స్కాను, మూడు రకాల మాత్రల అట్టలు, మడతలు పడ్డ పాత చీటీలు. “ఆయ్, మావోడు నాలుగు రోజుల్నుంచీ కంటిమీద కునుకెయ్యలేదండి” అని మేనమామ మొదలెడతాడు. “నిద్ర ఒక్కటే కాదండి, అన్నం కూడా” అని తల్లి అందుకుంటుంది. భార్య మాట్లాడదు. ఆమెకే ఎక్కువ తెలుసు, అందరూ బయటికి వెళ్ళాక అడిగితే చెబుతుంది. మనసు బాగాలేదని మొదటే చెప్పేవాళ్ళు తక్కువ. గుండెదడ, ఒళ్ళు మంటలు, తిమ్మిర్లు, నీరసం, ఇలా ఒంటి మీద నుంచే కథ మొదలవుతుంది. అందుకే ఊళ్ళో మనోవైద్యుడు ‘నరాల డాక్టరు’.

ఈ గుంపును బయటికి పంపడం మంచిదా, లోపల ఉంచడం మంచిదా? దీనికి మనోవైద్య చరిత్రలో గట్టి జవాబులే ఉన్నాయి. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల బంధువులను రప్పించి, ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగితో పాటు ఉండనిచ్చాడు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబాన్ని వెంట ఉంచుకునే పద్ధతినే నిలబెట్టుకుంది. సముద్రాల అవతల నైజీరియాలో థామస్ అడియోయే లాంబో అదే పని ఇంకో రకంగా చేశాడు. ఇంగ్లండులో చదివి వెళ్ళిన ఆయన 1954 నుంచి ఆరో ఆసుపత్రి చుట్టుపక్కల పల్లెల్లో రోగులకు బస ఏర్పాటు చేశాడు. వెంట కనీసం ఒక బంధువైనా ఉండాలన్నది షరతు. పగలు ఆసుపత్రి, రాత్రి పల్లె. లాంబో తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ అయ్యాడు.

ఆ సంస్థే 1960లలో తొమ్మిది దేశాల్లో 1,202 మంది రోగులతో స్కిజోఫ్రీనియా మీద అధ్యయనం చేసింది. మన దేశం నుంచి ఆగ్రా అందులో ఒక కేంద్రం. ఆగ్రా, నైజీరియాలోని ఇబడాన్ లాంటి చోట్ల రోగులు ధనిక దేశాల రోగుల కన్నా మెరుగ్గా కోలుకున్నారని తేలేసరికి పండితులు ఆశ్చర్యపోయారు. ఇంట్లో విమర్శ, ఈసడింపు తక్కువగా ఉంటే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని లండన్ పరిశోధకులు అప్పటికే చూపించారు. వాళ్ళ కొలతలతోనే చండీగఢ్‌లో చూస్తే అలాంటి ఈసడింపు అక్కడి ఇళ్ళలో తక్కువగా కనబడింది. ఈ నిర్ధారణల మీద తరవాత తగవులు వచ్చాయి. పేద దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని, వైద్యమే అందని రోగులు లెక్కలోకి రాలేదని అభ్యంతరాలు చెప్పారు. అవి సబబైన అభ్యంతరాలే. ఉమ్మడి కుటుంబాన్ని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టడానికి ఈ అధ్యయనాన్ని వాడుకోకూడదు. ‘పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది’ అని జబ్బు దాచి పెళ్ళి చేసేదీ ఆ కుటుంబమే.

కోనసీమలో ఆ కుటుంబానికి తగిలిన దెబ్బలు తక్కువేం కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. రాత్రిళ్ళు కూడా వెలుతురే. మరుసటి ఏడాది నవంబరు 6న వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పు మాత్రం అన్నాళ్ళు ఆగదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలింది. విపత్తు తరవాతి మానసిక గాయాన్ని అమెరికన్ వర్గీకరణ పుస్తకం ప్రత్యేక వ్యాధిగా చేర్చుకున్నది 1980లో. మన దేశంలో విపత్తు బాధితుల మనసు గురించి గట్టిగా పట్టించుకోవడం 1984 భోపాల్ దుర్ఘటన తరవాత మొదలైంది.

గల్ఫ్ వలసది ఇంకో రకం దెబ్బ. రాజోలు వైపు పల్లెల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది. ఇంటిపనికి అలా వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలన్నది వలస నిబంధన. ఆ వయసుకు చాలామందికి ఇంట్లో బడికెళ్ళే పిల్లలు ఉంటారు. పిల్లలు అమ్మమ్మ దగ్గర, తల్లి వీడియో కాల్లో, తండ్రి చాలా సార్లు సారా దగ్గర. ‘తాగుడు మాన్పించండి’ అని వచ్చే కేసుల్లో డాక్టరు విడదీయాల్సిన ముళ్ళు ఇవన్నీ.

చిన్న ఊళ్ళో మనోవైద్యుడి సొంత సంసారం కూడా ఈ పనికి దూరంగా ఉండదు. చాలామందికి కింద క్లినిక్, పైన ఇల్లు. అర్ధరాత్రి పురుగుమందు తాగినవాళ్ళ కబురుకు ఇంటిల్లిపాదీ లేస్తారు. పెళ్ళిభోజనాల బంతిలో ఎదురుగా తన రోగే కూర్చోవచ్చు. అప్పుడు డాక్టరు తనంతట తను పలకరించకపోవడం మర్యాద. పలకరిస్తే పక్కవాళ్ళు ‘ఈయన మీకెలా తెలుసండీ’ అని అడుగుతారు. తల్లిదండ్రులు పెద్దవాళ్ళయ్యారని బ్రిటన్ కొలువు వదిలి వచ్చినవాళ్ళకు ఈ ఇరుకు కొన్నాళ్ళు ఊపిరాడనివ్వదు.

ప్రభుత్వం వైపు నుంచి 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. పల్లె డాక్టరుకే ప్రాథమిక మనోవైద్యం నేర్పితే ఎలా ఉంటుందో నిమ్హాన్స్ 1980లలో బళ్ళారి జిల్లాలో చేసి చూపింది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్‌ను ఎంచుకున్నారు. 2015-16 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఏరు దాటక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉన్న 28 మంది రోగులు మంటల్లో చనిపోయారు. రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళను నేరస్థులుగా చూడవద్దంది. రోగి తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ముందే ఎంచుకోవచ్చు. ఎవరినీ ఎంచుకోకపోతే ఆ బాధ్యత బంధువుకు, బంధువు లేకుంటే కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకు వస్తుంది. కువైట్‌లో భార్య, అమలాపురంలో మేనమామ ఉన్న మనిషికి ప్రతినిధిగా కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలన్నది డాక్టరు ఆ పూట తేల్చుకోవాల్సిన పని.