దిండు అడుగున పొడి అక్షరాలు

ఇంగ్లండు పల్లెల్లో ప్రార్థనలు ఆగిపోయిన చర్చిలకు 1968 నాటి ‘పాస్టరల్ మెజర్’ అనే చట్టం ‘రిడండెంట్’ అని పేరు పెట్టింది. అంటే అవసరం తీరిపోయినవని. ఇంట్లో వయసు మళ్ళిన ఆడవాళ్ళని చూసే చూపు లాంటిదే ఈ మాట కూడా. తర్వాత చట్టం దాన్ని తీసేసి, ‘నిత్య ప్రార్థనలకు మూసినవి’ అంది. ఇలా మూసిన వాటిలో కొన్నిటిని కూల్చారు, కొన్నిటిని ట్రస్టులు చూసుకుంటున్నాయి, కొన్ని సొంత ఇళ్ళయ్యాయి.

చర్చిని ఇల్లు చెయ్యడం తేలిక కాదు. మధ్యలో అంతస్తు వేస్తే రంగుటద్దాల కిటికీ సగానికి తెగుతుంది. నేల కింద సమాధులుంటాయి, వాటి జోలికి పోమని కొనేవాళ్ళు రాసివ్వాలి. ఆవరణలో తమవాళ్ళ సమాధులున్నవాళ్ళు వచ్చిపోయే హక్కుని దస్తావేజులో ఉంచుతారు. బాప్తిస్మపు తొట్టి ఎక్కడికి పోవాలో బిషప్పు చెప్తాడు. రాతికీ ఎముకకీ ఇంత లెక్క ఉంది.

ఆ గోడల మధ్య ఆడవాళ్ళు గడిపిన జీవితానికి లెక్కేది? 1662 ప్రార్థన పుస్తకంలో ‘చర్చింగ్’ అనే విధి ఉంది. ప్రసవమయ్యాక స్త్రీ చర్చికొచ్చి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి. పుస్తకంలో అది కృతజ్ఞతే. జనం నమ్మకంలో మాత్రం అది జరిగేదాకా బాలింత బయట తిరగకూడదు. పురుడూ మైలా తెలిసిన మనకి విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే చరిత్రకారుడు డేవిడ్ క్రెసీ దీనికి ఇంకో వైపు చూపించాడు: ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వెంట నడవగా, ఆ తల్లికి అది నలుగురిలోకి వచ్చే వేడుక కూడా. నాకు ఈ రెండూ నిజమే అనిపిస్తాయి. మైల పేరుతో కట్టేసిన వ్యవస్థలోనే వాళ్ళు ఒక సంబరం వెతుక్కున్నారు. ఏమైనా, చర్చి అంటే వాళ్ళకి ఇల్లు దాటి వెళ్ళే చోటు. ఇప్పుడదే ఇల్లవుతోంది.

ఆంగ్లికన్ చర్చి స్త్రీలను పురోహితులుగా ఒప్పుకుంటూ ఓటేసింది 1992లో. 1994 మార్చిలో బ్రిస్టల్ కెథెడ్రల్‌లో మొదటి 32 మంది అభిషేకం పొందారు. పల్లె చర్చిలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. అంతకుముందే మూతపడిన చర్చిల్లో ఏ స్త్రీ పురోహితురాలిగా బల్ల ముందు నిలబడలేదు. అలాంటి కొన్నిటిలో ఇవాళ ఆ చోట వంటిల్లుంది.

ఇక కుట్టుపని. 1930లలో లూయీసా పెసెల్ నాయకత్వంలో వించెస్టర్ కెథెడ్రల్‌కి స్త్రీలు మోకరిల్లే దిండ్లు కుట్టారు. తర్వాత ఆ పని పల్లెల్లోకీ పాకింది. జీతం లేదు, సాయంత్రాలు మాత్రం ఏళ్ళ తరబడి. నేను చూసిన సామాను జాబితాల్లో దిండ్ల సంఖ్య ఉంది, కుట్టినవాళ్ళ పేర్లు లేవు. కానీ కొందరు అడుగున, ఎవరూ చూడని వైపు, తమ పొడి అక్షరాలు కుట్టుకున్నారు. తాళాలు కొన్నవాళ్ళ చేతికి ఇచ్చేముందు వాటిని తిరగేసి రాసుకోవడానికి ఒక పూట చాలు.