పోమ్ మహాకాన్

పోమ్ మహాకాన్ థాయిలాండ్ రాజధాని బాంకాక్‌లోని పాత నగర భాగమైన రత్తనకోసిన్‌లో ఉన్న ఒక కోట బురుజు. ఈ బురుజును ఆనుకొని, పాత నగరపు గోడకూ కాలువకూ మధ్యనున్న సన్నని స్థలంలో 2018 వరకు ఉండిన చిన్న పేటను కూడా ఇదే పేరుతో పిలిచేవారు. సుమారు 300 మంది నివసించిన ఈ పేటలో వేర్వేరు కాలాలకు చెందిన పాత కొయ్య ఇండ్లు ఉండేవి. ఈ స్థలాన్ని ఖాళీ చేయించి ఉద్యానవనంగా మార్చుటకు బాంకాక్ నగరపాలక సంస్థ పూనుకొనగా, నివాసులు సుమారు పాతికేళ్ళపాటు ప్రతిఘటించారు. 2018 ఏప్రిల్‌లో చివరి కుటుంబాలు వెళ్ళిపోవడంతో పేట అంతరించింది. బురుజు, గోడ మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి. చారిత్రక పరిరక్షణ పేరుతోనే ఒక చారిత్రక నివాస ప్రాంతం తొలగింపబడిన ఉదంతంగా ఇది ప్రసిద్ధి పొందినది.

పేరు

థాయి భాషలో "పోమ్" అనగా కోట లేదా బురుజు. "మహాకాన్" అనునది సంస్కృతము, పాళీ భాషలనుండి వచ్చిన "మహాకాల" శబ్దానికి థాయి ఉచ్చారణ. బాంకాక్‌లోని పాత స్థలనామాలలో ఇటువంటివి చాలా ఉన్నాయి. నగరంలో మిగిలిన మరొక బురుజు పేరు "ఫ్రా సుమేన్". ఇది సుమేరు పర్వతం పేరునుండి వచ్చినది. సమీపంలోని "మహానాక్" కాలువ పేరుకు మూలం "మహానాగ". దగ్గరలోనే ఉన్న "లోహ ప్రాసాత్" అనే బౌద్ధ కట్టడం పేరు తెలుగువారికి లోహప్రాసాదముగా సులభంగానే అర్థమవుతుంది.

చరిత్ర

చక్రీ వంశ స్థాపకుడైన మొదటి రామ రాజు 1782లో బాంకాక్‌ను రాజధానిగా చేసుకొన్నాడు. నగరం చుట్టూ కాలువ త్రవ్వించి, గోడ కట్టించి, దాని వెంబడి 14 బురుజులను నిర్మింపజేశాడు. వీటిలో నేడు రెండు మాత్రమే మిగిలాయి. అవి చావో ఫ్రాయా నది ఒడ్డున ఉన్న ఫ్రా సుమేన్, తూర్పు వైపున ఉన్న మహాకాన్. తెల్లని సున్నపు పూతతో, అష్టభుజాకారంలో ఉన్న మహాకాన్ బురుజు ప్రక్కన పాత నగరపు గోడలో కొంత భాగము కూడా మిగిలి ఉన్నది. నగరం విస్తరించి, రక్షణ గోడ అవసరం తీరిన తరువాత, ముఖ్యంగా అయిదవ రామ రాజు (చులాలాంగ్‌కార్న్) కాలం నుండి గోడలో చాలా భాగాన్ని పడగొట్టి వీధులు వేశారు.

గోడకు వెలుపల, కాలువ గట్టుపైన ఇండ్లు కట్టుకొనుట పూర్వమునుండి ఉన్నదే. జలమార్గాలే ప్రధాన రహదారులుగా ఉన్న కాలంలో నీటి ఒడ్డున నివసించుట సహజమైన విషయం. మహాకాన్ వద్ద మొదట రాజోద్యోగుల కుటుంబాలు ఉండేవనీ, తరువాతి కాలంలో ఇతర ప్రాంతాలనుండి వచ్చినవారు అద్దెకు చేరారనీ చెబుతారు. ఇరవయ్యవ శతాబ్దం చివరినాటికి ఇక్కడ ఉన్నవారిలో పలువురు వేర్వేరు ప్రాంతాలనుండి వచ్చినవారే. వారందరూ ఒకే వంశానికిగాని, ఒకే వృత్తికిగాని చెందినవారు కారు.

థాయి జానపద నాటకమైన "లికే" చరిత్రలో కూడా ఈ ప్రదేశానికి స్థానం ఉన్నది. అయిదవ రామ రాజు కాలంలో ఫ్రాయా ఫేత్‌పాణి అనే ఉద్యోగి తన లికే నాటకశాలను ఈ పరిసరాలలోనే నడిపాడు.

పేట స్వరూపము

పేట విస్తీర్ణం సుమారు 4 రాయ్‌లు (రాయ్ అనునది థాయి భూమి కొలత). ఇది ఒకటిన్నర ఎకరాలకు కొంచెం ఎక్కువ. ఒక వైపు గోడ, మరొక వైపు కాలువ ఉండుట వలన గోడలోని ద్వారాల గుండా మాత్రమే లోపలికి పోవలసి ఉండేది. లోపల సన్నని నడకదారులు, పెద్ద చెట్లు, మధ్యలో అందరూ కలుసుకొనే ఖాళీ జాగా, పూర్వీకుల ఆత్మలకు నెలకొల్పిన చిన్న మందిరము ఉండేవి.

ఇండ్లన్నీ ఒకే కాలానికి చెందినవి కావు. కోణాకారపు కప్పు గల సంప్రదాయ టేకు ఇండ్లు, చూరు అంచులకు కొయ్య నగిషీలు చెక్కిన ఇండ్లు, తరువాతి కాలపు సాధారణ చెక్క ఇండ్లు ప్రక్కప్రక్కనే ఉండేవి. రాజప్రాసాదాలు, ఆలయాలకు పేరుపొందిన పాత బాంకాక్‌లో సామాన్య ప్రజల కొయ్య ఇండ్లు ఇలా ఒకేచోట మిగిలి ఉండుట అరుదు. వాస్తు నిపుణులు ఈ పేటకు విలువనిచ్చుటకు ఇదే ముఖ్య కారణం.

నివాసులలో ఎక్కువమంది చిన్న వ్యాపారాలు, చేతిపనులతో జీవించేవారు. పక్షుల పంజరాలు అల్లుట, పందెపు కోళ్ళను పెంచుట, మట్టితో ఋషుల బొమ్మలు చేయుట, తినుబండారాలు అమ్ముట ఇక్కడి వృత్తులలో కొన్ని.

తొలగింపు ప్రణాళిక

రెండవ ప్రపంచయుద్ధం తరువాత రత్తనకోసిన్ ప్రాంతాన్ని జాతీయ చారిత్రక స్థలంగా తీర్చిదిద్దాలనే ఆలోచన క్రమంగా బలపడింది. స్మారక కట్టడాలు దూరంనుండి కూడా కనబడేలా వాటి చుట్టూ ఉన్న ఇండ్లను, అంగళ్ళను తొలగించి పచ్చిక మైదానాలు, ఉద్యానవనాలు ఏర్పరచుట ఈ ప్రణాళికలలో ప్రధానాంశం. దీనికి అనుగుణంగా మహాకాన్ బురుజు వెనుకనున్న స్థలాన్ని ప్రజోపయోగం నిమిత్తం సేకరించుటకు 1992లో రాజశాసనం వెలువడింది.

2003 జనవరిలో నగరపాలక సంస్థ ఖాళీ చేయవలసిందిగా నోటీసులు అంటించింది. ప్రత్యామ్నాయంగా చూపిన స్థలం నగరం అంచున సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పాత నగరపు వీధులలో సరుకులు అమ్ముకొని జీవించేవారికి అంత దూరం పోవుట అనగా ఇంటితోపాటు జీవనాధారాన్ని కూడా కోల్పోవుటయే అని నివాసులు వాదించారు.

నగరపాలక సంస్థ వాదన కూడా గమనింపదగినది. భూసేకరణ చట్టబద్ధంగానే జరిగింది. కొందరు పరిహారంలో కొంత భాగాన్ని అప్పటికే స్వీకరించి ఉన్నారు. ప్రజల ధనంతో సేకరించిన భూమిని కొద్దిమందికి విడిచిపెట్టుట న్యాయం కాదనియు, ఉద్యానవనం నగరవాసులందరికీ ఉపయోగపడుననియు అధికారులు చెప్పారు. న్యాయస్థానంలో కూడా నగరపాలక సంస్థ హక్కే నిలిచింది.

ప్రతిఘటన

నివాసులు రెండు మార్గాలలో ప్రతిఘటించారు. మొదటిది ప్రత్యక్ష పోరాటం. 2003లో గోడ ద్వారాలకు అడ్డుకట్టలు కట్టి, రాత్రింబవళ్ళు వంతులవారీగా కాపలా కాశారు. రెండవది ప్రత్యామ్నాయాన్ని చూపుట. థోన్‌బురిలోని కింగ్ మాంగ్‌కుట్ సాంకేతిక విశ్వవిద్యాలయ వాస్తువిద్యార్థులు తమ అధ్యాపకుడు గ్రేమ్ బ్రిస్టల్ ఆధ్వర్యంలో నివాసులతో కలిసి ఒక పథకాన్ని తయారుచేశారు. దీని ప్రకారం పాత ఇండ్లు అలాగే ఉంటాయి. వాటి మధ్యనే ఉద్యానవనం ఏర్పడుతుంది. నివాసులే దానిని శుభ్రపరచి, కాపలా కాస్తారు. గోడ మరుగున, కొద్దిపాటి ద్వారాలు మాత్రమే గల ఉద్యానవనం మనుషులు నివసించనిచో రాత్రివేళ సురక్షితంగా ఉండదన్నది ఈ పథకాన్ని సమర్థించినవారి ముఖ్య వాదన.

నివాసులు తమ పేటను సజీవ ప్రదర్శనశాలగా తీర్చిదిద్దుటకు కూడా ప్రయత్నించారు. ఇండ్ల ముందు వాటి చరిత్రను తెలిపే ఫలకాలు పెట్టారు. సందర్శకులకు తామే దారి చూపి వివరించేవారు.

2005 ఒప్పందము

2004లో బాంకాక్ గవర్నరుగా ఎన్నికైన అపిరక్ కోసయోధిన్ నివాసులతో చర్చలకు అంగీకరించాడు. శిల్పకార్న్ విశ్వవిద్యాలయం ఆ స్థలాన్ని అధ్యయనం చేసి, పురాతన కొయ్య ఇండ్ల పేటగా పరిరక్షించుటకు ప్రణాళికను రూపొందించునట్లు 2005 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. అయితే 1992 నాటి శాసనం రద్దు కాలేదు. భూమి ఉద్యానవనం కొరకే సేకరింపబడినందున దానిని నివాసానికి ఉపయోగించుటకు చట్టం ఒప్పుకోదని అధికారులు తరువాతి కాలంలో కూడా చెబుతూ వచ్చారు. గవర్నరు మాట ఇచ్చినా శాసనం మారకపోవుట వలన ఆ మాట నిలువలేదు. ఈ ఉదంతంలో కీలకమైన అంశం ఇదే.

తొలగింపు

2014 మే నెలలో థాయిలాండ్‌లో సైన్యం అధికారాన్ని చేపట్టింది. బహిరంగ నిరసనలపై ఆంక్షలు విధింపబడినవి. 2016 సెప్టెంబరులో నగరపాలక సిబ్బంది ఇండ్లను కూల్చుట ప్రారంభించారు. అదే సంవత్సరం అక్టోబరులో సైనిక ప్రభుత్వం ఎన్నికైన గవర్నరును తొలగించి ఆస్విన్ క్వాన్‌మువాంగ్‌ను నియమించింది.

2017లో నగరపాలక సంస్థ, నివాసులు, వాస్తుశిల్పులు, చరిత్రకారుల మధ్య చర్చలు జరిగాయి. ప్రతి ఇంటికి గల చారిత్రక, వాస్తు, సామాజిక విలువలను పరిశీలించి, ఏవి ఉంచదగినవో నిర్ణయించాలని నిపుణులు కోరారు. కొన్ని ఇండ్లను మాత్రం ఉంచుటకు అధికారులు ఒక దశలో సుముఖత చూపినా, వాటిలో మనుషులు నివసించుటకు ఒప్పుకోలేదు. చివరకు ఆ ఇండ్లు కూడా మిగలలేదు. ఈ కాలంలో సైనికులు పేటలో మకాం వేశారు. ఒక్కొక్క కుటుంబం వెళ్ళిపోగా ప్రతిఘటన బలహీనపడింది. 2018 ఏప్రిల్‌లో మిగిలిన కొద్దిమంది కూడా వెళ్ళిపోయారు. ఇండ్లన్నీ తొలగించి అదే సంవత్సరం ఆ స్థలాన్ని ఉద్యానవనంగా మార్చారు.

చట్టపరమైన అంశాలు

థాయిలాండ్‌లో పురాతన కట్టడాలకు 1961 నాటి చట్టం రక్షణ కల్పిస్తుంది. లలితకళల శాఖ నమోదు చేసిన కట్టడాలకు ఈ రక్షణ వర్తిస్తుంది. మహాకాన్ బురుజు, గోడ ఇలా నమోదైనవి. వాటి నీడలో ఉన్న కొయ్య ఇండ్లు నమోదు కాలేదు. కాబట్టి ఒకే స్థలంలో ఉన్న రెండు రకాల పాత కట్టడాలలో ఒకటి స్మారకంగాను, రెండవది ఆక్రమణగాను పరిగణింపబడినవి. సామాన్యుల ఇండ్లకు గాని, ఒక పేట మొత్తానికి గాని ప్రత్యేక గుర్తింపు లభించకపోవుట ఈ ఫలితానికి ఒక ముఖ్య కారణమని విమర్శకుల అభిప్రాయం.

పరిశోధనలు

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మానవ శాస్త్రవేత్త మైకేల్ హెర్జ్‌ఫెల్డ్ అనేక సంవత్సరాలు ఈ పేటను పరిశీలించి, నివాసుల పక్షాన బహిరంగంగా మాట్లాడాడు. ఆయన రచించిన "సీజ్ ఆఫ్ ది స్పిరిట్స్" అనే గ్రంథం 2016లో వెలువడింది. వేర్వేరు చోట్లనుండి వచ్చిన జనులు ఒకే ముప్పును ఎదుర్కొనుటలో ఒక సముదాయంగా ఎలా రూపొందారో ఇందులో వివరించాడు. పేట పుట్టుక ఎంత పురాతనమైనదన్నది మాత్రమే దాని విలువకు కొలమానం కాదని ఈ పరిశోధన వలన తెలుస్తుంది.

ఇటువంటి మరొక ఉదంతము

భారతదేశంలో దీనితో పోల్చదగిన ఉదంతం కర్ణాటకలోని హంపిలో జరిగింది. హంపి స్మారకాలను యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. విరూపాక్షాలయం ఎదుటనున్న బజారు వీధిలోని విజయనగర కాలపు రాతి మండపాలలోను, వాటి ప్రక్కన కట్టుకొన్న ఇండ్లలోను వ్యాపారులు, ఇతర కుటుంబాలు నివసించేవారు. వారిని ఆక్రమణదారులుగా పేర్కొని 2011 జూలైలో అధికారులు ఇండ్లను, అంగళ్ళను కూల్చివేశారు. తరువాత పునరావాసానికి సమీపంలోని కడ్డిరాంపురలో స్థలాలు కేటాయించారు. రెండు ఉదంతాలకూ భేదం లేకపోలేదు. హంపిలో మండపాలకు చేర్చిన కొత్త గోడలు, కప్పులు పురాతన నిర్మాణానికే హాని చేస్తున్నాయని పురావస్తు అధికారులు వాదించారు. మహాకాన్‌లో తొలగించిన ఇండ్లలో కొన్ని స్వయంగా పురాతనమైనవే. అయినను రెండుచోట్లా కట్టడము, మనుషులు అని వేరుచేసి, ఒకదానిని మాత్రమే వారసత్వంగా ఎంచుకొనుట సమానం.

ప్రస్తుత స్థితి

బురుజు, గోడ, వాటి వెనుక కాలువ వరకు పచ్చిక, కొన్ని పెద్ద చెట్లు నేడు ఆ స్థలంలో కనిపిస్తాయి. పాత కుటుంబాలు నగరంలోని వేర్వేరు ప్రాంతాలకు చెదరిపోయినవి. బాంకాక్‌లో కొత్త రహదారులు, మెట్రో మార్గాల వలన ఒత్తిడికి లోనవుతున్న ఇతర పాత పేటలవారు తమ ఇండ్ల చరిత్రను ముందుగానే నమోదు చేసుకొనుటకు, చిన్న ప్రదర్శనశాలలు ఏర్పరచుకొనుటకు పూనుకొన్నారు. చైనా టౌన్‌లోని చరోన్ చాయ్ వీటిలో ఒకటి. భూమిపై హక్కు లేనిచో చరిత్ర ఎంత ఉన్నను ఇంటికి రక్షణ లేదని మహాకాన్ అనుభవం తెలియజేస్తున్నది.