అంతర్జాలపు అంగడిలో అతుకుల బొంత

పుస్తకము గాని, చీర గాని, రైలు టిక్కెట్టు గాని కొనదలచినవాడు నేడు ఇల్లు కదలనక్కరలేదు. తెరమీది బొమ్మను తాకినంతనే ధర కనబడును. డబ్బు చెల్లించినచో సరకు గుమ్మములోనికి వచ్చును. అమ్మినవాని పేరు రశీదుమీద ఉండును. కాని ఆ అంగడిని లోపలినుండి నడుపుచున్న ప్రోగ్రాములను వ్రాసినవారెవరో కొన్నవాడెరుగడు. పెక్కుమారులు అమ్మినవాడును ఎరుగడు. ఆ ప్రోగ్రాములలో చాలభాగము ఎవరును వెల కట్టి అమ్మినవి కావు. వాటి కథ 1994 నాటి ఒక చిన్న చిక్కుతో మొదలైనదని చెప్పవచ్చును.

వెబ్‌సైటులోని పుటలు ఒక కంప్యూటరులో నిలువయుండును. దూరముననున్న మరియొక కంప్యూటరు “ఫలానా పుట కావలెను” అని అడుగగా, దానిని వెదకి పంపుటకు ఒక ప్రోగ్రాము కావలెను. దానికే వెబ్ సర్వర్ అని పేరు. గ్రంథాలయములో చీటీ అందుకొని బీరువానుండి పుస్తకము తెచ్చియిచ్చు ఉద్యోగి పనివంటిదే దీని పని. ఐతే ఇది ఒకే క్షణమున వందలమంది చీటీలను అందుకొనవలసియుండును. 1993 ఏప్రిల్ 30న ఐరోపాలోని సెర్న్ పరిశోధనాలయము, తాను రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్ ప్రోగ్రాములను ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించెను. ఆ సంవత్సరమే అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటింగ్ కేంద్రమున రాబ్ మెక్కూల్ అను యువకుడు ఒక సర్వరును వ్రాసెను. దానిని కూడ అందరికిని ఉచితముగా వదలిరి. అది త్వరలోనే అన్నిటికంటె ఎక్కువ వాడుకలోనికి వచ్చెను. ఇంతలో, 1994 మధ్యలో, మెక్కూల్ ఆ కేంద్రమును విడిచిపోయెను. సర్వరును బాగుచేయువాడు లేకపోయెను. వాడువారి సంఖ్య మాత్రము నానాటికి పెరుగుచుండెను.

సోర్సు కోడు అనగానేమో తెలిసినగాని తరువాతి సంగతి బోధపడదు. ప్రోగ్రామును మొదట మనిషి చదువగల భాషలో వ్రాయుదురు. అదియే సోర్సు కోడు. దానినుండి యంత్రమునకు మాత్రమే తెలియు అంకెల వరుసను తయారు చేయుదురు. కంపెనీలు సామాన్యముగా ఆ అంకెల వరుసను అమ్మి, సోర్సు కోడును దాచుకొనును. అది వంటకమును అమ్మి పాకము చెప్పకుండుట వంటిది. మెక్కూల్ సర్వరు విషయమున పాకము కూడ అందరి చేతిలోను ఉండెను. కాబట్టి ఎవరి వెబ్‌సైటులో లోపము బయటపడిన వారు దానికొక అతుకు వేసికొనుచు వచ్చిరి. అట్టి అతుకును ఆంగ్లములో ‘పాచ్’ అందురు. చిక్కేమనగా, ఒక ఊరివాడు పూడ్చిన కన్నమునే మరియొక ఊరివాడు మరల కష్టపడి పూడ్చుచుండెను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో హాట్‌వైర్డ్ అను వెబ్‌సైటు 1994 అక్టోబరులో వెలువడెను. ప్రకటనలను అమ్మి వెబ్‌సైటును నడుపుట అను వ్యాపారమును మొదలుపెట్టినవారిలో దానివారును ఒకరు. అచ్చట పనిచేయుచున్న బ్రయన్ బెలెండార్ఫ్, పాఠకులను పేరుతోను సంకేతపదముతోను గుర్తించు ఏర్పాటు సర్వరులో కావలసి, తన అతుకులు తాను వేసికొనెను. తనవంటి వారిని ఈమెయిలుద్వారా వెదకి కలుపుకొనెను. 1995 ఫిబ్రవరి నాటికి ఎనమండుగురు చేరిరి. అందులో రాయ్ ఫీల్డింగ్ కాలిఫోర్నియాలో పరిశోధక విద్యార్థి. రాబ్ హార్టిల్ బ్రిటనులోని కార్డిఫ్‌లో సినిమాల వివరములు చెప్పు వెబ్‌సైటును నడిపినవాడు. వీరందరికి ఒక యజమాని లేడు, ఒక కార్యాలయము లేదు. ఎవరి ఉద్యోగము వారిది.

సంఘమునకు అపాచీ అని పేరు పెట్టిరి. ఆ పేరుగల అమెరికా ఆదిమజాతి వారి పట్ల గౌరవముతో దానిని ఎన్నుకొంటినని బెలెండార్ఫ్ చెప్పెను. ఐతే ఆంగ్లమున ‘ఎ పాచీ సర్వర్’ అన్నచో అతుకుల సర్వరు అని అర్థము. ఈ శ్లేష ఎవరికిని తప్పిపోలేదు. మన ఊళ్లలో పాత చీరలతో కుట్టిన బొంతను చూచినవారికి ఆ పేరు మరింత బాగుగ నచ్చును.

వారు మెక్కూల్ సర్వరును పునాదిగా తీసికొని, దొరికిన మంచి అతుకులన్నిటిని పరీక్షించి చేర్చి, 1995 ఏప్రిల్‌లో తొలి ప్రతిని విడుదల చేసిరి. మార్పు కావలెనా, వద్దా అనుటకు ఓట్లు వేసికొనిరి. అంగీకరించినవాడు ‘+1’ అని, వ్యతిరేకించినవాడు ‘-1’ అని వ్రాసెడివాడు. వ్యతిరేకించినవాడు కారణము చూపి తీరవలెను. ఆ వేసవిలో రాబర్ట్ థావ్ అను సభ్యుడు సర్వరు నిర్మాణమునే మార్చివైచెను. నడిమి భాగము చిన్నదిగా ఉంచి, మిగిలిన పనులను విడదీసి బిగింపదగిన మాడ్యూళ్లుగా చేసెను. 1.0 సంఖ్యగల ప్రతి 1995 డిసెంబరు 1న వెలువడెను. 1996 ఏప్రిల్ నాటికి ప్రపంచములో అన్నిటికంటె ఎక్కువ వెబ్‌సైట్లలో పనిచేయు సర్వరు అపాచీయే. నెట్‌స్కేప్ కంపెనీ వ్యాపారముకొరకు అమ్మిన సర్వరు వెల మొదట 5,000 డాలర్లుగా ఉండెను. ఆ పైకము లేని చిన్నవాడుకూడ ఇపుడు అంగడి తెరువగలిగెను.

దీనిని దానధర్మమనుకొనుట పొరపాటు. తన అతుకును దాచుకొన్నవాడు కొత్త ప్రతి వచ్చినపుడెల్ల దానిని మరల కుట్టుకొనవలెను. ఉమ్మడి ప్రతిలో చేర్చినచో ఆ భారము అందరిమీద పంచుకొనబడును. స్వార్థము, సహకారము ఒకే దారిన నడచిన అరుదైన సందర్భమిది. 1998లో ఐ.బి.ఎం. వంటి మహాసంస్థ తన వెబ్‌స్ఫియర్ సర్వరులో అపాచీని చేర్చుకొనెను. కాని ఒడంబడిక చేసికొనుటకు ఎదుట చట్టము గుర్తించు సంస్థ యనునది లేకపోయెను. 1999లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడిన పిదపనే ఆ లోటు తీరెను.

మాడ్యూళ్లలో ముఖ్యమైనది పి.హెచ్.పి. అను భాషకు సంబంధించినది. అడిగిన క్షణమున ధర, నిలువ, కొనువాని పేరు చేర్చి పుటను అప్పటికప్పుడు తయారు చేయుటకు అది పనికివచ్చును. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో దానిని బయటపెట్టెను. 1997లో ఇజ్రాయెల్ దేశపు విద్యార్థులు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మన్స్ తమ చదువులో భాగముగా ఒక ఆన్‌లైన్ అంగడిని కట్టబోగా దానికి శక్తి చాలలేదు. వారు దానిని మొదటినుండి తిరిగి వ్రాసిరి. నేడు తెలుగు వికీపీడియాను నడుపు మీడియావికీ ప్రోగ్రాము ఈ భాషలో వ్రాసినదే.

ఇక అంగడికి తాళము కావలెను. కొనువాడు పంపు కార్డు సంఖ్యను దారిలో ఎవడును చదువకుండ గూఢలిపిలోనికి మార్చుటకు నెట్‌స్కేప్ ఎస్.ఎస్.ఎల్. అను పద్ధతిని కనిపెట్టెను. కాని ఆనాటి అమెరికా చట్టము బలమైన గూఢలిపిని ఆయుధములతో సమానముగా నెంచి దాని ఎగుమతిని అరికట్టెను. అందుచేత అపాచీ తాళము అమెరికా వెలుపల తయారయ్యెను. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ దానికి కావలసిన ప్రోగ్రామును వ్రాసిరి. ఇంగ్లండులో బెన్ లారీ దానిని అపాచీకి బిగించెను. వారి ప్రోగ్రామునుండి 1998లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. పుట్టెను. తరువాతి 15 సంవత్సరములలో బ్యాంకులు, దుకాణములు, ప్రభుత్వ కార్యాలయములు లెక్కకు మించి ఈ తాళమునే వాడుకొనెను.

2014 ఏప్రిల్ 7న దానిలో ఒక లోపము లోకమునకు తెలిసెను. రెండు కంప్యూటర్లు మాటలాడుకొనునపుడు, సంబంధము తెగలేదని తెలిసికొనుటకు ఒకటి చిన్న మాటను పంపి, అదే మాటను తిరిగి పంపుమని కోరును. మాట పొడవెంతయో కూడ చెప్పును. చెప్పిన పొడవు నిజమా కాదా అని ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. సరిచూడలేదు. నాలుగక్షరములు పంపి 64 కిలోబైట్లు తిరిగి ఇమ్మన్నచో, ఆ నాలుగక్షరముల వెనుక జ్ఞాపకశక్తిలో నున్నదంతయు ఇచ్చివేయును. అందులో సంకేతపదములు ఉండవచ్చును, తాళపుచెవియే ఉండవచ్చును. దీనికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టిరి. నెట్‌క్రాఫ్ట్ సంస్థ లెక్కలో సుమారు 5 లక్షల వెబ్‌సైట్లు ఈ ప్రమాదమునకు లోనైనవి. కెనడా పన్నుల శాఖనుండి దాదాపు 900 మంది గుర్తింపు సంఖ్యలు దొంగలపాలయ్యెను.

సోర్సు కోడు అందరికిని తెరచియే యుండెను. ఐనను లోపముగల ప్రతి 2012 మార్చిలో విడుదలయినది మొదలు రెండేండ్లు అది బయటపడలేదు. తెరచియుంచిన పుస్తకమును అందరును చదివిరనుకొనుట ఆ రెండేండ్ల భ్రమ. అసలు ఆశ్చర్యము లెక్కలు చూచినపుడు కలిగెను. ప్రపంచ వ్యాపారమునకు తాళమైన ఈ ప్రోగ్రామునకు అంతవరకు ఏటేట వచ్చిన విరాళములు సుమారు 2,000 డాలర్లు. దానిపై పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడే.

ఆ నెలలోనే గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం. మొదలగు సంస్థలు లినక్స్ ఫౌండేషను ద్వారా ఒక నిధిని నెలకొల్పి, ఒక్కొక్కటి ఏటికి లక్ష డాలర్ల చొప్పున మూడేండ్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ సొమ్ముతో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. పనికి ఇద్దరికి పూర్తికాలపు జీతము లభించెను. 2021 సెప్టెంబరులో వెలువడిన దాని 3.0 ప్రతి అపాచీ లైసెన్సుక్రిందనే విడుదలయ్యెను.