వేటదీపము – చిత్రదీపము

చీకటి రాత్రి. గాలి లేదు. సరస్సు నల్లని అద్దమువలె కదలక యున్నది. ఒక చిన్న పడవ ఒడ్డు వెంబడి చప్పుడు లేకుండ సాగుచున్నది. వెనుక కూర్చున్నవాడు తెడ్డును నీటిలోనుండి పైకి తీయకయే నడపుచున్నాడు. పడవ ముందుకొనయందు ఒక దీపము. దాని వెనుక చీకటిలో తుపాకి పట్టుకొని మఱియొకడు. నీటిమొక్కలు మేయవచ్చిన లేడి ఆ దీపమును చూచును. చూచి పారిపోదు. అదేమో తెలియక తల యెత్తి నిలుచును. దాని కన్నులు రెండును నిప్పుకణములవలె మెఱయును. ఆ రెండు వెలుగుల నడుమ గురిపెట్టిన చాలును.

ఉత్తర అమెరికాలోని ఓజిబ్వే ఆదివాసులు తమ తిండికొఱకు చేసిన వేట యిది. తరువాత వచ్చిన తెల్లవారు దీనిని వారివద్దనే నేర్చుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఇనుపదారులు వేసిన పిదప లేళ్ల మాంసమును, తోళ్లును రైళ్లకెక్కి నగరముల అంగళ్లకు పోసాగెను. తిండి వేట వ్యాపారమయ్యెను. లేడి కంటివెనుక అద్దమువంటి పొర యొకటి కలదు. లోనికి పోయిన వెలుగును అది మరల వెనుకకు పంపును. మసక వెలుగులో శత్రువును కనిపెట్టుటకై ప్రకృతి యిచ్చిన సాధనమది. దీపము ముందు ఆ సాధనమే దానిని పట్టియిచ్చుచుండెను.

ఆ విధముగ వేటాడుట నేర్చిన బాలురలో జార్జి షైరస్ ఒకడు. పెన్సిల్వేనియాలో 1859లో జన్మించిన ఈయన న్యాయవాది. తండ్రి అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండెను. షైరస్ 1870లో, ఇంకను చిన్నవాడై యుండగనే, సుపీరియర్ మహాసరస్సునకు దక్షిణమున అడవి నడుమనున్న వైట్‌ఫిష్ సరస్సునకు తొలిసారి పోయెను. ఆ పిదప జీవితాంతము ఆ చోటును విడువలేదు. 1880ల చివర ఆయన తుపాకి దించి కెమెరా పట్టెను.

బోయవాడు వాల్మీకియైన కథ వినుచు పెరిగినవారము గనుక, ఇటువంటి మార్పు వెనుక ఒక లేడి కన్నీరో, ఒక నాటి పశ్చాత్తాపమో ఉండునని మనము వెదకుదుము. షైరస్ చెప్పిన కారణము అంత కరుణరసాత్మకము కాదు. తుపాకి పేల్చుటకంటె కెమెరాతో పట్టుట కష్టమనియు, అందుచేతనే అది మేలైన వేట యనియు ఆయన వాదించెను. ఈ మాట మాకు నచ్చినది. దయను బోధించిన చెవినిడని వేటగాడు కూడ, నీ నేర్పు చాలదన్నచో ఆగి వినును గదా!

అదే సరస్సు, అదే పడవ, అదే దీపము. తుపాకి యుండిన చోట రెండు కెమెరాలు ప్రక్కప్రక్కన నిలిచినవి. చిమ్మచీకటిలో కెమెరా కన్ను తెఱచియుంచినను గాజుపలకకు హాని లేదు. లేడి మెఱయు కన్నులతో దీపమువంక చూచుచుండగా మెగ్నీషియము పొడిని భగ్గున మండించుటయే పని. ఆ మంట యున్న క్షణమే చిత్రము. పొడి తడిసినను, పడవ ఊగినను, దూరము ఊహించుటలో పొరబడినను ఆనాటి రాత్రి వ్యర్థమే. మనుష్యుడు దగ్గఱ లేకుండ చిత్రము తీయుటకు ఎరకు దారము కట్టి, జంతువు దానిని లాగినప్పుడు కెమెరా తానే పనిచేయునట్లును ఆయన అమర్చెను. నేడు అడవులలో చెట్లకు కట్టి జంతువులను లెక్కించు కెమెరాలకు ఆ దారమే పూర్వరూపము.

పారిస్ నగరమున 1900లో జరిగిన ప్రపంచప్రదర్శనమున ఆయన రాత్రిచిత్రములకు బంగారుపతకము లభించెను. అంతకంటె పెద్ద సంగతి 1906 జూలైలో జరిగినది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక సంపాదకుడు గ్రోవెనర్ ఒకే సంచికలో ఆయన చిత్రములు 74 అచ్చువేసెను. పత్రికను నడపు సంఘమున సభ్యులిరువురు, భూగోళశాస్త్ర పత్రిక బొమ్మల పుస్తకమగుచున్నదని కోపించి రాజీనామా చేసిరి. పండితుల కోపము అట్లుండగా, అడవి ముఖమే యెఱుగని గృహస్థులు తమ యింట దీపముక్రింద కూర్చుండి, నడిరాత్రి నీటిలో నిలిచిన లేడిని తొలిసారి చూచిరి.

షైరస్ చిత్రములతో తృప్తిపడలేదు. 1903 నుండి 1905 వఱకు అమెరికా ప్రతినిధిసభలో సభ్యుడుగా నుండి, వలసపక్షులకు కేంద్రప్రభుత్వ రక్షణ కల్పింపవలెనని 1904లో ఒక బిల్లు ప్రవేశపెట్టెను. అది అప్పుడు నెగ్గలేదు. అటువంటి చట్టము వచ్చుటకు 1913 వఱకు పట్టెను.

ఇంత గొప్పపని చేసిన ఆ చిత్రములను మరల మరల చూచినకొలది మాకొక సందేహము కలుగుచున్నది. అందు పెక్కింటిలో లేడి మనవంకనే చూచుచున్నది, వేటగానివంక చూచినట్లే. కొన్నింటిలో మంటకు బెదరి తోకలెత్తి తలకొకదిక్కునకు దుముకుచున్నవి. ఈ జాతికి తెల్లతోకలేడి యని పేరు. అపాయము తోచినప్పుడు అది తోకను తెల్లజెండావలె ఎత్తును. చిత్రము అద్భుతముగనే యున్నది. ప్రాణము పోలేదు, మఱునాటి రాత్రి అది మరల నీటికి రావచ్చును. అయినను, ఆ క్షణమున కన్ను చెదరిన లేడికి తుపాకికిని కెమెరాకును భేద మెట్లు తెలియును? ఆయన చూపినది అడవిలేడిని గాని, అడవిలోని ప్రశాంతిని కాదు.

మన దేశమున ఈ విద్యను పెంపొందించినవారిలో ముఖ్యుడు ఎఫ్. డబ్ల్యు. చాంపియన్. 1913లో పోలీసు ఉద్యోగమునకు వచ్చిన ఈ ఆంగ్లేయుడు మొదటి ప్రపంచయుద్ధానంతరము అటవీశాఖలో చేరి, నాటి సంయుక్తరాష్ట్రముల అడవులలో పనిచేసెను. రాజులును దొరలును చంపిన పులుల లెక్కలు చెప్పుకొను ఆ దినములలో, బాటకడ్డముగ తీగ కట్టి, పులి కాలు తగిలినంతనే మంట వెలుగునట్లు చేసి చిత్రములు తీసెను. ఆయన గ్రంథము ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌లాండ్’ 1927లో వెలువడెను. పులికి మంట తప్పలేదు. కాని చుక్కలదుప్పి పగటి జంతువు. ప్రొద్దున, సాయంకాలమున బయలున మేయును. దానికి మంట అక్కఱలేదు, ఓర్పు చాలును. ఏనుగుమీద కూర్చున్న మనుష్యుని అడవి మృగములు అంతగా శంకింపవు. చెట్టుమీద కొండముచ్చులు, క్రింద అవి రాల్చిన ఆకులను, కాయలను ఏరుకొను దుప్పులు; పైనుండి ఒకరు, క్రిందనుండి ఒకరు కాపలా. ఈ చెలిమిని చూడవలెనన్న చూచువాడు లేనట్లే ఉండవలెను.

అట్లుండనేర్చినవాడు మద్రాసువాసి ఎం. కృష్ణన్. 1912లో జన్మించి 1996లో మరణించిన ఈ ప్రకృతిజ్ఞుడు 1950 మొదలు మరణించువఱకు స్టేట్స్‌మన్ పత్రికలో అడవుల ముచ్చట్లు వ్రాసెను. వేర్వేరు భాగములను కూర్చి కెమెరాను తానే సిద్ధము చేసికొనెను. నలుపు తెలుపు చిత్రములనే తీసెను. ఆయన నగరముననే గిండీవనము కలదు. వీథి చప్పుడు వినబడునంత దూరములో అక్కడ చుక్కలదుప్పులు మేయుచుండును.

హైదరాబాదువారికి అటువంటి చోటు మహావీర హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాము వేటభూమి; మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరమును పురస్కరించుకొని 1975లో దానికి ఆ పేరు పెట్టిరి. అక్కడి ముఖ్యనివాసి కృష్ణజింక, అనగా ఇఱ్ఱి. శాస్త్రజ్ఞులు దీనిని దుప్పులతో చేర్చరు. దుప్పికొమ్ములు రాలి మరల మొలచును, ఇఱ్ఱికొమ్ములు రాలవు. మన వాడుకలో మాత్రము రెండును జింకలే. తెలంగాణ 2014లో చుక్కలజింకను రాష్ట్రజంతువుగ ప్రకటించుకొనగా, ఆంధ్రప్రదేశమునకు కృష్ణజింక యున్నది.

ఒక చలికాలపు ఉదయమున మేము కెమెరా గల మిత్రునితో అక్కడికి పోతిమి. ధ్వనితో బ్రతుకువారము గనుక మౌనము మాకు తెలియుననుకొంటిమి, తెలియదు. మా చెప్పుక్రింద ఎండుటాకు విఱుగుటతోడనే మంద యంతయు తల లెత్తెను. ఒక పొదప్రక్కన కూర్చుంటిమి. కెమెరా టక్కుమన్న ప్రతిసారియు చెవులు మావైపు తిరుగుచుండెను. గంటసేపు గడచెను. ఆ పిదప అవి మమ్ము మఱచినవి కాబోలు, గడ్డి తెంపుచున్న చప్పుడు స్పష్టముగ వినవచ్చెను.

మిత్రుడు ఆనాడు తీసిన చిత్రములు పదునెనిమిది. పదునేడింట అవి మావంకనే చూచుచున్నవి. కడపటి దానిలో ఒక ఆడజింక తల వంచి మేయుచున్నది, కన్ను కనబడదు. మా గోడమీద నున్నది ఆ చిత్రమే.