సంతకం పోల్చే పని ఎవరిది?

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరిన 1980లలో పొదుపు ఖాతాలోంచి వంద రూపాయలు తీయాలన్నా కాగితం మూడు చేతులు మారేది. విత్‌డ్రాయల్ ఫారం అందుకున్న గుమాస్తా ఖాతాదారు చేతిలో ఇత్తడి టోకెన్ పెట్టి, లెడ్జర్ తిప్పి నిల్వ చూసి పద్దు రాసేవాడు. అక్కణ్నుంచి ఫారం ఆఫీసరు బల్ల మీదికి పోయేది. ఆయన పెట్టెలోంచి సంతకం కార్డు తీసి ఫారం పక్కన పెట్టుకునేవాడు. తలకట్టు ఎటు వంగింది, చివరి గీత ఎంత దూరం సాగింది అని చూస్తేగానీ పాస్ చేసేవాడు కాదు. ఆఖర్న క్యాషియర్ టోకెన్ నంబరు పిలిచి, "ఎంతండీ?" అని అడిగేవాడు. చెప్పిన అంకె, రాసిన అంకె కలిస్తేనే నోట్లు బయటికొచ్చేవి.

డబ్బు కట్టడానికొస్తే ఈ తతంగం ఉండేది కాదు. చలానా నింపి నోట్లిస్తే సరి. ఎవరు ఎవరి ఖాతాలో వేసినా సంతకం పోల్చేవాళ్లం కాదు. పోయే డబ్బుకే కాపలా, వచ్చే డబ్బుకు అక్కర్లేదు. బ్యాంకింగ్‌లో ఇంతకంటే గట్టి సూత్రం నాకు కనబడలేదు.

ఇంటర్నెట్‌లో కార్డుతో కొనుగోళ్లు మొదలయ్యాక పోల్చడానికి సంతకమే లేకుండా పోయింది. కార్డు మీది అంకెలు తెలిసినవాడల్లా కొనుక్కోవచ్చు. అందుకే రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి, కార్డు మీద కనబడని మరో రహస్యం కూడా అడిగి తీరాలని నిబంధన పెట్టింది. ఇవాళ మన ఫోనుకొచ్చే ఓటీపీకి మూలం అదే. 2016లో యూపీఐ వచ్చాక ఆ పని పిన్ చేస్తోంది. ఆఫీసరు బల్ల దగ్గర జరిగిన తనిఖీ అంతా ఖాతాదారు బొటనవేలి కిందికి వచ్చేసింది. ఆ సంగతి ఖాతాదారుకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నాకు బాధ కలిగించేది అదే.

పాత ఫ్రిజ్ అమ్మకానికి పెట్టినవాళ్లకు ఫోన్ వస్తుంది: "డబ్బు పంపుతున్నానండీ, పిన్ కొట్టి తీసుకోండి." కొట్టగానే వాళ్ల ఖాతాలోంచే పోతుంది. డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు, చలానా రోజుల్లో సంతకం అక్కర్లేనట్టే. ఈ మోసం ఎంత ముదిరిందంటే, ఒక మనిషి మరో మనిషికి యాప్‌లో డబ్బడిగే ఆ 'కలెక్ట్' సదుపాయాన్నే 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపించింది.

బ్యాంకు వెబ్‌సైట్‌లా కనబడే దొంగ పేజీల సంగతి వేరు. చాలాకాలం "చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే భయం లేదు" అని చెప్పుకున్నాం. మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళ్తోందని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతలి కొస పట్టుకున్నవాడు ఎవరో దానికి తెలియదు. దొంగలూ తాళాలు పెట్టుకున్నారు. 2023లో క్రోమ్ బ్రౌజర్ ఆ గుర్తునే తీసేసింది. ఇక చూడాల్సింది చిరునామా. అందులో బ్యాంకు పేరు ముందే కనబడితే నమ్మేయకండి. పేజీ ఎవరిదో తేల్చేది మొదటి ఒంటి ఏటవాలు గీతకు సరిగ్గా ముందున్న ముక్కలు. 2025లో రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసే చిరునామాలకు మారాలంది. అక్టోబరు 31 గడువు. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాడికి ఆ చిరునామా దొరకదు. ఎన్నాళ్లకో మన చేతికొచ్చిన సంతకం కార్డు ఇది, పోల్చి చూడండి.

డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల్లో తెలియజేసినవారికి నష్టం ఉండదని రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఉత్తర్వు ఇచ్చింది. ఓటీపీ మీరే చెప్పేసినా, ఫిర్యాదు తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని అదే ఉత్తర్వు చెప్పింది. అందుకే ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం రాసి పెట్టుకోండి.