వేళ్ళ దగ్గర ఆగిన సీసం

మన జిండెల్ఫింగెన్ ఉన్న రాష్ట్రంలోనే, నైరుతి మూల, ఫ్రైబుర్గ్ అనే ఊరుంది. బుడాపెస్ట్‌లో పుట్టిన రసాయన శాస్త్రవేత్త జార్జ్ డి హెవెషీ 1926 నుంచి 1934 దాకా అక్కడ ఆచార్యుడు. యూదు వంశం కావడంతో నాజీలు వచ్చాక ఊరు విడవాల్సి వచ్చింది. ఈనాడు మనవాళ్ళెవరికైనా డాక్టరు పెట్ స్కాన్ రాస్తే, దాని వెనక ఉన్న ఆలోచన ఆయనదే.

ఒక పదార్థంలో రవ్వంత రేడియోధార్మిక రూపం కలిపితే, అది ఎక్కడికి పోయినా జాడ తీయవచ్చు. దీన్ని హెవెషీ 1913లో పానెత్‌తో కలిసి మొదలుపెట్టాడు. 1923లో చిక్కుడు జాతి మొక్కలకు అలాంటి సీసం కలిపిన నీళ్ళు పెట్టి చూస్తే, సీసం చాలామటుకు వేళ్ళలోనే ఆగిపోయింది. ఈ జాడ పద్ధతికే 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు కేన్సరు సంగతికి వద్దాం. కొందరి ఊపిరితిత్తుల కణితుల్లో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే రిసెప్టరు మ్యుటేషన్ వల్ల అదుపు తప్పి, కణాన్ని పెరగమని పోరుతూనే ఉంటుంది. గెఫిటినిబ్ లాంటి మాత్రలు ముఖ్యంగా అలాంటివారికే బాగా పనిచేస్తున్నాయని 2004లో తేలింది. మ్యుటేషన్ ఉందో లేదో తెలియడానికి కణితి నుంచి ముక్క తీస్తారు. ఒంట్లో నాలుగైదు చోట్ల కణితులుంటే అన్నిటినీ గుచ్చడం కష్టం. అందుకని పరిశోధకులు మందు అణువులోనే రేడియోధార్మిక కార్బన్-11 పెట్టి స్కాన్ తీశారు. ఈ కార్బన్ 20 నిమిషాల్లో సగమైపోతుంది కనుక అంతా చకచకా జరగాలి. 2013లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 10 మంది రోగులపై ఎర్లోటినిబ్‌తో ఇలా చూస్తే, మ్యుటేషన్ ఉన్న కణితులు మందును ఎక్కువగా పట్టుకున్నాయి.

మరి 2015లో అమెరికాలో అనుమతి పొందిన ఒసిమెర్టినిబ్ ఇంకా మెరుగైన మందు కదా, బొమ్మ కూడా ఇంకా బాగా రావాలి కదా? రాలేదు! అది కొవ్వులో కరిగే గుణమూ క్షార గుణమూ ఉన్న మందు. అలాంటి మందులు కణాల్లో లైసోజోములనే ఆమ్లపు సంచుల్లోకి పోయి, అక్కడే చిక్కుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి కూడా దాన్ని పీల్చుకుంటుంది కనుక, కణితి చుట్టూ అంతా వెలుగే. మందు ఒంట్లో ఎంత విస్తరిస్తుందో చెప్పే కొలత ఎర్లోటినిబ్‌కు సుమారు 232 లీటర్లయితే, దీనికి 918. కానీ ఆ చొచ్చుకుపోయే గుణం దానికి బలం కూడా. ఎర్లోటినిబ్‌ను బయటికి తోసే పంపులున్న మెదడులోకి ఇది బాగా చేరుతుంది. కేన్సరు మెదడుకు పాకినవారికి అదే పెద్ద ఆసరా.

నేను వైద్యుణ్ణి కాను, కంప్యూటర్లవాణ్ణి. నాకు అర్థమైంది ఇంతే: మంచి మందు మంచి జాడకారి కావాలని లేదు. ఇలాంటి స్కాన్‌లో కణితి స్పష్టంగా కనబడనంత మాత్రాన మందు పనిచేయదని బెంగపడకండి. చిక్కుడు వేళ్ళలో ఆగిన సీసం చెప్పింది సీసం స్వభావాన్ని కూడా. ఈ బొమ్మ కూడా అంతే, సగం కణితి గురించి, సగం మందు గురించి చెబుతుంది. ఏది ఎంతో మీ డాక్టరుగారిని అడగండి. సెలవు.