పేరే నేరమైన వంశము

మన ఇంటిపేర్లలో అనేకము ఊళ్ళనుబట్టి వచ్చినవి. స్కాట్లాండు కొండసీమలో తండ్రి పేరునుబట్టి వచ్చినవి ఎక్కువ. అచ్చటి గేలిక్ భాషలో ‘మాక్’ అనగా కుమారుడు. మాక్‌గ్రెగర్ అనగా గ్రెగర్ కుమారుడు. గ్రెగర్ అను పేరునకు మూలము గ్రీకు. మెలకువగా ఉండువాడని అర్థము. క్రొత్త నిబంధన గ్రీకు మూలములో మెలకువగా ఉండుటకు వాడిన క్రియ దీనికి దగ్గరి చుట్టమే.

ఈ వంశమువారి పాత కాణాచి ఆర్గైల్ ప్రాంతములోని గ్లెన్ ఆర్కీ, గ్లెన్‌స్ట్రే లోయలు. సాగు తాతలనాటిదేగాని చేతిలో రాజముద్ర గల పట్టాలు లేవు. ప్రక్కనున్న కాంబెల్ వంశమువారికి అవి ఉండెను. క్రమముగా భూమి వారి వశమై, వీరు కొండలెక్కి పశువులను తోలుకొనిపోవుచు బ్రదికిరి. వీరు నిర్దోషులని నేననను. 1603 ఫిబ్రవరి 7న గ్లెన్ ఫ్రూయిన్ లోయలో కహూన్ వంశమువారిని అనేకులను చంపిరి.

అప్పటి రాజు ఆరవ జేమ్స్. ఇంగ్లీషు బైబిలు వలన మనమెరిగిన కింగ్ జేమ్స్ ఇతడే. ఇంగ్లండు సింహాసనము దక్కి లండనుకు బయలుదేరు తొందరలో ఉండెను. ఏప్రిల్ 3న అతని ప్రివీ కౌన్సిలు మాక్‌గ్రెగర్ అను పేరునే రద్దుచేసెను. ఆ పేరు విడువనివానికి మరణశిక్ష. వంశ నాయకుడు అలస్టర్ లొంగిపోయినప్పుడు, స్కాట్లాండు నేల దాటించి క్షేమముగా విడుతునని ఆర్గైల్ ప్రభువు మాట ఇచ్చెను. మాట ప్రకారము సరిహద్దు దాటించెను. వెంటనే వెనుకకు తెప్పించెను. 1604 జనవరి 20న ఎడిన్‌బరోలో అలస్టర్‌ను ఉరితీసిరి. ఇట్టి మాట నిలుపుకొనుటను ఏమనవలెనో చదువరులే చెప్పవలెను.

తరువాత ఆంక్షలు పెరిగెను. నలుగురికి మించి కూడరాదు. అన్నము కోసికొను మొన లేని కత్తి తప్ప ఆయుధముండరాదు. తోటి మాక్‌గ్రెగర్ తల తెచ్చినవానికి క్షమాభిక్ష కూడ కలదు. అన్నిటికంటె నన్ను ఆపినది 1633 నాటి శాసనము: ఏ బోధకుడును మగబిడ్డకు గ్రెగర్ అను పేరుతో బాప్తిస్మమియ్యరాదు; ఇచ్చినచో ఉద్యోగము పోవును. ఏ లేఖరియు ఆ పేరుతో పత్రము వ్రాయరాదు. మన సంఘములలో బాప్తిస్మపు రిజిస్టరు వ్రాయు పెద్దలు ఒక్క క్షణము ఆ బోధకుని స్థానములో తమ్మును ఊహించుకొనవలెను. చేతులలో బిడ్డ, ఎదుట తలిదండ్రులు, నోట రాకూడని పేరు.

కావున వారు కాంబెల్, డ్రమండ్, మరీ, గ్రాంట్, స్టూవర్ట్ అని వ్రాయించుకొనిరి. తమ్మును తరిమినవారి పేరే కొందరికి నీడయైనది. 1661లో రెండవ చార్లెస్ నిషేధమును ఎత్తివేసెను. 1693లో మరల విధించిరి. ఆ రెండవ కాలములో ప్రసిద్ధుడైనవాడు రాబ్ రాయ్ (1671–1734). ‘రాయ్’ అనగా ఎఱ్ఱజుట్టువాడు. బెంగాలు రాయ్‌లతో సంబంధము లేదు. అతడు తల్లి పుట్టింటి పేరు పెట్టుకొని రాబర్ట్ కాంబెల్ అని సంతకము చేసెను. 1817లో వాల్టర్ స్కాట్ నవల అతనిని లోకమంతటికి తెలిపెను.

శాసనము పూర్తిగా రద్దయినది 1774లో. నడుమ 32 ఏండ్లు తీసివేసినను 139 ఏండ్లు ఆ పేరు నేరము. ఇన్ని తరములైన తరువాత ఎవరికి జ్ఞాపకముండునని అనుకొందుము. కాని 826 మంది మాక్‌గ్రెగర్‌లు చేవ్రాలు చేసి ఒకనిని నాయకునిగా ఎన్నుకొనిరి. అతని పేరు జాన్ మరీ. ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాలులో పనిచేసినవాడు. 1822లో ఆ కుటుంబము రాజానుమతితో మాక్‌గ్రెగర్ అను పేరు మరల ధరించెను.

ఆ యేడే ఆగస్టులో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చెను. కోటలోనున్న స్కాట్లాండు కిరీటమును, ఖడ్గమును, రాజదండమును హోలీరూడ్ నగరునకు తెచ్చునప్పుడు, చుట్టు కాపలాగా నడిచినవారు మాక్‌గ్రెగర్‌లు. నడిపించినవాడు జాన్ కుమారుడు సర్ ఎవాన్ మాక్‌గ్రెగర్.